ఎనిమిది నాట్ల గాలికి ఏ కైటు, ఏ బోర్డు? విశాఖ తీరంలో కైట్ సర్ఫింగ్ చేసేవారికి ఎంపిక సలహా

ఫిబ్రవరి చివర్లో మొదలై మే దాకా సాగే రోజులు. మధ్యాహ్నం రెండు దాటాక సాగర్‌నగర్ దగ్గర ఒడ్డున నిలబడితే చెమట ఆరిపోయేంత గాలి వీస్తుంటుంది. కొబ్బరి మట్టలు ఊగుతుంటాయి. నీటి మీద మాత్రం ఒక్క తెల్ల నురగ కూడా కనిపించదు. ఆ నురగలు అక్కడక్కడా విచ్చుకోవడం మొదలయ్యేది సుమారు పది నాట్ల దగ్గర. అవి లేవంటే గాలి ఏడో ఎనిమిదో నాట్లు ఉందని లెక్క. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు కాబట్టి, గంటకు 13 నుంచి 15 కిలోమీటర్ల గాలి అన్నమాట. కైట్ సర్ఫింగ్ అంటే గాలిలో ఎగిరే పెద్ద కైటు లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారడం. మామూలు 12 చదరపు మీటర్ల కైటుతో, మామూలు బోర్డుతో ఆ గాలిలోకి దిగినవారు నడుములోతు నీళ్లలో కైటును అటూ ఇటూ తిప్పుతూ అలిసిపోతారే తప్ప బోర్డు మీద నిలబడలేరు.

అలాంటి రోజులు మనకు ఎక్కువ. అందుకే ఒక వేసవి అంతా కైటుతో గడిపిన ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నల దగ్గర ఆగిపోతారు. ఇంకా పెద్ద కైటు కొనాలా? బోర్డు మార్చాలా? బోర్డును నీళ్లపైకి ఎత్తే రెక్కలు, అంటే హైడ్రోఫాయిల్, నేర్చుకోవాలా? పందేల్లో వాడే, పారాచూట్ లాంటి పారాఫాయిల్ కైటు తెప్పించుకోవాలా? అన్నీ ఖరీదైన వస్తువులే. ఒకసారి పొరపాటుగా కొంటే మళ్లీ అమ్ముకోవడానికి మన ఊళ్లో కొనేవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు.

అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పే అంకె ఒకటుంది: ఎంత తక్కువ గాలిలో ఇది కదులుతుంది అని. విశాఖలో దిగేవాళ్లు దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న, సముద్రంలో ఉండగా గాలి మరో మూడు నాట్లు పడిపోతే ఇది నన్ను ఒడ్డుకు చేర్చగలదా అని. ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు.

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మంగమారిపేటకు ఎదురుగా, ఒడ్డుకు అరకిలోమీటరు దూరంలో ఉన్నాను. 17 చదరపు మీటర్ల కైటు, తలుపు చెక్కంత వెడల్పు బోర్డు. తొమ్మిది నాట్ల గాలి హాయిగా లాగుతోంది. నాలుగున్నర దాటాక, కైటును నడిపే కడ్డీ, అదే బార్, చేతుల్లో మెత్తబడింది. తాళ్లలో బిగువు తగ్గిందని గ్రహించేలోపే కైటు తల వాల్చి, ఎండుటాకు రాలినట్టు నెమ్మదిగా నీళ్ల మీద కూర్చుంది. ఒకవైపు వెనక తాడు లాగాను. కైటు కొస కొంచెం లేచి, తడి గుడ్డ బరువుకు మళ్లీ పరుచుకుంది. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. ఒడ్డు మీద గుర్తుపెట్టుకున్న తాటిచెట్టు వెనక్కి జరిగిపోతోంది. ప్రవాహం నన్నూ కైటునూ కలిపి భీమిలి వైపు తీసుకుపోతోంది. చివరికి తాళ్లు బార్‌కు చుట్టి, గాలి నింపిన కైటు ముందు ట్యూబు మీద బోర్లా పడుకుని కాళ్లతో ఈదుతుంటే ఒక ఫైబర్ పడవ దగ్గరికొచ్చింది. అందులోని పెద్దాయన చేయి అందించి, "గాలి పడిపోతుందని ఇందాకే అనుకున్నాం బాబూ. మీరు ఇంకా లోపలికి పోతుంటే చూస్తూనే ఉన్నాం" అన్నారు.

కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఆ సాయంత్రాన్ని గుర్తుపెట్టుకునే తూకం వేశాను.

## ముందు చూడవలసినవి

గాలి లెక్క. గాలి వేగం ఎన్ని రెట్లు పెరిగితే లాగే బలం దాని వర్గం అంత పెరుగుతుంది. 12 నాట్ల గాలి 8 నాట్ల గాలికి ఒకటిన్నర రెట్లే అయినా, బలం రెండుంబావు రెట్లు. దీన్ని తిరగేసి చూడండి. 12 నాట్లలో 12 చదరపు మీటర్ల కైటు ఎంత లాగుతుందో, 8 నాట్లలో అంత లాగడానికి 27 చదరపు మీటర్ల కైటు కావాలి. అంత కైటును ఎగరేసి, తిప్పి, దించడం మన తరం కాదు. కైటును పెంచుకుంటూ పోవడానికి ఒక హద్దు ఉంది. అది 17 దగ్గరే వచ్చేస్తుంది. ఆపైన మిగిలిన దారి ఒక్కటే, తక్కువ లాగుడుతోనే కదిలేలా కాళ్ల కింద ఉన్నదాన్ని మార్చడం. గాలి తక్కువైతే చెయ్యి ముందు కైటు మీదికి పోతుంది కానీ, బుద్ధి ముందు బోర్డు మీదికి పోవాలి.

ప్రవాహం. చాలామంది లెక్కలోకి తీసుకోని విషయమిది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. వేసవి గాలి దాదాపు ఒడ్డు వెంటే, నైరుతి నుంచి వీస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా తూర్పు తీరపు ప్రవాహం కూడా ఉత్తరానికే పోతుంది. అంటే గాలీ నీరూ ఒకే దిక్కుకు. నీరు ఒక నాట్ వేగంతో గాలివాటంగా కదులుతుంటే, ఒడ్డున 8 నాట్లుగా తగిలిన గాలి నీళ్లలో మనకు 7 నాట్లే. ఆ ఒక్క నాట్‌తో బలంలో దాదాపు నాలుగో వంతు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. అప్పుడూ ఇదే కథ. ఒడ్డుకు దగ్గర్లో ప్రవాహం రోజురోజుకీ మారుతుంది కాబట్టి దిగేముందు ఒక కొబ్బరికాయ పీచునో చెక్కముక్కనో నీళ్లలో వేసి ఎటు పోతోందో చూడటం నాకు అలవాటు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలలకూ గాలికీ ప్రవాహాలకూ ముందస్తు అంచనాలు ఇస్తుంది. వాటిని చూసి బయలుదేరండి, కానీ ఒడ్డున మళ్లీ కొలుచుకోండి. గాలిని కొలిచే చిన్న చేతి పరికరం ఒకటి సంచిలో ఉంటే చాలా వాదనలు తప్పుతాయి.

నీటి మీద పడిన కైటును లేపడం. గాలి నింపే ట్యూబ్ కైటు పుట్టిందే దీనికోసం. ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన లెగెన్యూ సోదరులు 1984లో పేటెంట్‌కు దరఖాస్తు చేసింది, నీళ్ల మీద పడినా తేలుతూ మళ్లీ లేచే కైటు కోసమే. అయితే ఆ లేవడానికీ ఆరేడు నాట్ల గాలి కావాలి. మీరూ కైటూ ఒకే ప్రవాహంలో తేలిపోతుంటే తాళ్లలో బిగువే ఉండదు. బిగువు లేకపోతే ఏ కైటూ లేవదు.

ఒడ్డున విరిగే అల. రామకృష్ణ బీచ్‌లోనూ యారాడలోనూ ఒడ్డు వాలు ఎక్కువ. అల ఒక్కసారిగా లేచి, ఒడ్డు మీదే విరుగుతుంది. రుషికొండ కొంత నయం. తక్కువ గాలిలో కైటు లాగుడు చాలక ఆ విరిగే చోటే ఇరుక్కుపోతారు. మీరు ఎంచుకునే సామాను ఆ పది మీటర్లు దాటించగలదా అన్నది పెద్ద ప్రశ్న.

కొండల మీద మబ్బు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట తూర్పు కనుమల మీద మబ్బు కమ్మి, ఉరుములతో ఈదురుగాలి ఒక్కసారిగా తీరానికి దిగుతుంది. 8 నాట్ల గాలి కాస్తా నిమిషాల్లో 30 అయితే బలం 14 రెట్లు. చేతిలో ఉన్నది 17 చదరపు మీటర్ల కైటైతే ఏమవుతుందో ఊహించుకోండి. పడమటి ఆకాశం నల్లబడుతుంటే, గాలి ఎంత చక్కగా ఉన్నా, కైటును దించేయాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

## ఒక్కచూపులో

కింది అంకెలు సుమారు 75 కిలోల బరువుండి, ఆ సామాను వాడటం వచ్చినవారికి. బరువు పది కిలోలు పెరిగితే అదే పనికి ఇంకో ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల కైటు కావాలి.

| ఎంపిక | కనీస గాలి | పడిన కైటును లేపడం | విరిగే అల దాటడం | నేర్చుకోవడం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| 15–17 చ.మీ. ట్యూబ్ కైటు, పెద్ద ట్విన్ టిప్ (రెండు కొసలూ ఒకేలా ఉండే) బోర్డు | 9–10 నాట్లు | కష్టం, కైటు బరువు | సులువు | కొత్తగా ఏమీ లేదు | మధ్యస్థం |
| 12 చ.మీ. ట్యూబ్ కైటు, సర్ఫ్ బోర్డు | 10–11 నాట్లు | పరవాలేదు | సులువు | కొన్ని వారాలు | తక్కువ |
| 9–12 చ.మీ. తేలిక ట్యూబ్ కైటు, హైడ్రోఫాయిల్ | 7–8 నాట్లు | ఉన్నవాటిలో మేలు | కష్టం | ఒక వేసవి | ఎక్కువ |
| 11–15 చ.మీ. పారాఫాయిల్, హైడ్రోఫాయిల్ | 5–6 నాట్లు | అలల్లో చాలా కష్టం | చాలా కష్టం | రెండు వేసవులు | చాలా ఎక్కువ |

వింగ్ ఫాయిలింగ్ గురించి కూడా అడుగుతుంటారు. చేతిలో పట్టుకునే వింగ్‌కు పొడవైన తాళ్లు ఉండవు కాబట్టి, కైటులా ఆకాశంలో ఎనిమిది అంకె తిప్పుతూ తన గాలిని తానే పుట్టించుకోలేదు. చాలామందికి 10 నుంచి 12 నాట్లు కావాలి. మంచి ఆట, కానీ ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న గాలికి జవాబు కాదు.

## పెద్ద కైటు, పెద్ద బోర్డు

ఇప్పటికే ట్విన్ టిప్ మీద అటూ ఇటూ పోవడం వచ్చినవారు మర్నాటి నుంచే వాడుకోగల మార్గమిది. బోర్డు పొడవు 150 నుంచి 165 సెంటీమీటర్లు, వెడల్పు 45 దాకా. అడుగున వంపు తక్కువగా, దాదాపు చదునుగా ఉండాలి. అలాంటి బోర్డు నీళ్ల మీద త్వరగా తేలి జారుతుంది. నా అనుభవంలో, ఉన్న 12 కైటుతోనే పెద్ద బోర్డు వాడితే సుమారు ఒకటిన్నర నాట్ల గాలి కలిసొస్తుంది. అందుకే కైటు కొనేముందు బోర్డు ఒక్కటే మార్చి చూడమంటాను. ఇందులో విరిగిపోయే పొడవాటి భాగాలు లేవు, లోతు అక్కర్లేదు, బండరాళ్లున్న చోట కొంచెం తగిలినా గీత పడుతుందే కానీ మనిషికి గాయం కాదు.

పెద్ద కైటుతో వచ్చే చిక్కు, అది మెల్లగా తిరగడం. తక్కువ గాలిలో బలం పుట్టేది కైటును తిప్పినప్పుడే. మెల్లగా తిరిగే కైటు ఆ బలాన్ని కూడా మెల్లగానే ఇస్తుంది. ఇంకా, నీళ్ల మీద పడ్డాక అంత గుడ్డను లేపడానికి చిన్న కైటుకు కావలసిన దానికంటే ఎక్కువ గాలి కావాలి. తొమ్మిది నాట్లలో బయలుదేరి, ఆరు నాట్లకు పడిపోతే ఇక ఈతే.

దీన్ని ఎంచుకుంటే ఒక నియమం పెట్టుకోండి: ఒడ్డుకు మీరు ఈదగలిగే దూరం దాటి లోపలికి పోవద్దు. గాలి ఒడ్డు వెంట వీస్తుంటే ఒడ్డుకు సమాంతరంగా ఎంత దూరమైనా పోవచ్చు. సముద్రం లోపలికి మాత్రం రెండు వందల మీటర్లు చాలు.

## సర్ఫ్ బోర్డు

విశాఖలో అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. వాళ్ల దగ్గర బోర్డు ఎలాగూ ఉంటుంది. బోర్డే మనిషిని కొంతవరకు తేలుస్తుంది కాబట్టి కైటు మీద పడే పని తగ్గుతుంది. గాలి చాలనప్పుడు అల తోస్తుంది, అల చాలనప్పుడు కైటు లాగుతుంది. గాలి పూర్తిగా పోతే కైటును మూటగట్టి, బోర్డు మీద పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు రావచ్చు. ఈ ఒక్క సౌకర్యం మిగతా మూడింటిలో దేనికీ లేదు.

కాకపోతే ఇది పది నాట్ల పైమాటే. ఎనిమిదికి పనికిరాదు. మామూలు సర్ఫ్ బోర్డును హార్నెస్ (కైటును తగిలించుకునే నడుము పట్టీ) కొక్కెంతోనూ మడమలతోనూ నొక్కితే పైపొర పగిలిపోతుంది. కైటు కోసం గట్టిగా చేసిన బోర్డు అయితే మంచిది. అలలంటే ఇష్టం ఉన్నవారికి నేను ముందుగా చెప్పేది ఇదే.

## తేలిక ట్యూబ్ కైటుతో హైడ్రోఫాయిల్

బోర్డు కింద ఒక నిలువు కడ్డీ, దాన్ని మాస్ట్ అంటారు. దాని అడుగున విమానం రెక్కల్లాంటివి రెండు, ముందు పెద్దది, వెనక చిన్నది. కొంత వేగం అందగానే ఆ రెక్కలు బోర్డును నీళ్లపైకి ఎత్తేస్తాయి. అప్పటిదాకా బోర్డు అడుగును పట్టుకుని వెనక్కి లాగిన నీటి ఒరిపిడి ఒక్కసారిగా పోతుంది. చప్పుడు ఆగిపోతుంది. టపటపా కొట్టుకుంటున్న నీళ్లు కింద ఎక్కడో ఉండిపోయి, మాస్ట్ నీటిని చీల్చే సన్నని రాపిడి మాత్రం వినిపిస్తుంది. ఎనిమిది నాట్ల గాలిలో, ఒక్క నురగ కూడా లేని నీటి మీద అలా పోవడం మొదటిసారి అనుభవించిన రోజున నాకు మాట రాలేదు.

ఒకసారి పైకి లేచాక మనం పోయే వేగమే ఎదురుగాలిగా మారి కైటుకు అందుతుంది. వీచే గాలి 8 నాట్లే అయినా కైటుకు తగిలేది అంతకంటే ఎక్కువ. అందుకే 12 చదరపు మీటర్లతో, తేలికపాటి వాళ్లకైతే 9తో కూడా పని జరుగుతుంది. చిన్న కైటు చురుగ్గా తిరుగుతుంది, పడినా తేలిగ్గా లేస్తుంది. ఇక్కడే ఈ జోడు పెద్ద కైటును దాటిపోతుంది.

కైటు ఎంచుకునేటప్పుడు అడ్డ ట్యూబులు, అంటే ముందు ట్యూబు నుంచి వెనక అంచు వైపు పోయేవి, ఎన్ని ఉన్నాయో చూడండి. ఐదు ఉన్నది బరువు. మూడు ఉన్నది అన్నిటికీ సరిపోతుంది. ఒక్కటే ఉన్నది, లేదా అసలు లేనిది, తక్కువ గాలిలో నీటి మీద నుంచి చక్కగా లేస్తుంది. గాలి పెరిగితే మాత్రం వెనక అంచు రెపరెపలాడి కంగారుపెడుతుంది. విశాఖ వేసవికి ఒకే అడ్డ ట్యూబు ఉన్న కైటు నాకు బాగా నచ్చింది. తాళ్ల పొడవు కూడా పట్టించుకోండి. నీటికి పైన ఎత్తుకు పోయేకొద్దీ గాలి కాస్త ఎక్కువ, పైగా కైటు తిరగడానికి చోటు పెరుగుతుంది. 22 మీటర్ల తాళ్లకు ఇంకో నాలుగైదు మీటర్లు కలిపితే పెద్దగా ఖర్చు లేకుండానే కొంత లాభం దక్కుతుంది.

మాస్ట్ పొడవు విషయంలో మొదట 60 నుంచి 75 సెంటీమీటర్లు, అలవాటయ్యాక 85 దాటినది. ముందు రెక్క వైశాల్యం 1,000 నుంచి 1,500 చదరపు సెంటీమీటర్ల మధ్య ఉంటే తక్కువ వేగంలోనే ఎత్తుతుంది, తొట్రుపాటును క్షమిస్తుంది. సన్నని పందెపు రెక్కల జోలికి మొదట్లో వెళ్లకండి.

ఇక చిక్కులు. మొదటిది లోతు. నడుము దాటిన లోతు లేనిదే ఫాయిల్ పెట్టలేరు. విరిగే అలలో బోర్డు పల్టీ కొడితే ఆ రెక్క కత్తిలాంటిది. బోర్డును పక్కకు తిప్పి, ఫాయిల్ భాగాన్ని మీకు దూరంగా పట్టుకుని, రెండు అలల మధ్య సందు చూసుకుని నడవాలి. హెల్మెట్టూ దెబ్బ తగలకుండా కాపాడే చొక్కా లేకుండా దిగవద్దు.

రెండోది మలుపు. ఫాయిల్ వేగంగా పోతూ గాలివాటంగా తిరిగితే మీరు కైటు వైపే పరుగెత్తుతారు. తాళ్లు వదులైపోతాయి, కైటు రాలిపోతుంది. తక్కువ గాలిలో కైటు నీళ్లపాలయ్యేది ఎక్కువగా ఇలాగే. మలుపు తీసుకునే ముందే కైటును నెత్తి మీదుగా అవతలికి తిప్పడం అలవాటు చేసుకోవాలి. దీనికి నాకు రెండు నెలలు పట్టింది.

మూడోది వలలు. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఉన్నప్పుడు దాని తాడు వంద మీటర్ల నుంచీ ఇంకా లోపలికి చాపంలా పోతుంది. నీళ్ల మీద కనిపించేది బెండ్లే. మామూలు బోర్డు వాటి మీదుగా జారిపోతుంది, ఫాయిల్ తగులుకుంటుంది. జాలర్లకు వల కూడు పెట్టేది. అది చిరిగితే వాళ్ల ఆ పూట సంపాదన పోయినట్టే. దిగేముందు అక్కడున్నవారిని వల ఎక్కడిదాకా ఉందని అడగండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. గుడ్లు పెట్టేది రాత్రిళ్లే అయినా, పగలు అవి తీరానికి దగ్గర్లో తేలుతూ ఊపిరి పీల్చుకుంటాయి. వేగంగా పోయే ఫాయిల్ తగిలితే వాటి ప్రాణానికే ముప్పు. గుండ్రటి వీపు కనిపిస్తే వేగం తగ్గించి దూరంగా తప్పుకోండి.

## పారాఫాయిల్‌తో హైడ్రోఫాయిల్

ట్యూబులు లేని, పారాచూట్‌లా గాలి గదులతో ఉబ్బే కైటు ఇది. తేలిక, సామర్థ్యం ఎక్కువ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ పందేలు తొలిసారి చేరాయి, మార్సెయ్ తీరంలో జరిగాయి. పురుషుల స్వర్ణం ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటస్‌కు, మహిళల స్వర్ణం బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్‌డ్రిడ్జ్‌కు దక్కింది. అక్కడ వాడింది ఇలాంటి కైటులే. ఆ పందేలు చూసి, ఆరు నాట్లలో అంత వేగమా అని మనసు పారేసుకున్నవారిలో నేనూ ఉన్నాను. అయితే అక్కడ కూడా గాలి లేక పందేలు వాయిదా పడ్డాయి, పక్కనే సహాయక పడవలు ఉన్నాయి.

మన దగ్గర పరిస్థితి వేరు. ఈ కైటుకు గుడ్డ కింద వల అల్లినట్టు సన్నని తాళ్లు చాలా ఉంటాయి. అల్లరి లేని నీటి మీద పడితే వెనక తాళ్లు రెండూ లాగి, వెనక్కి ఎగరేసి, చాలా తక్కువ గాలిలోనే లేపవచ్చు. విరిగే అలలో పడితే మాత్రం గుడ్డ చుట్టుకుపోతుంది, తాళ్లు పెనవేసుకుంటాయి, లోపలికి నీరూ ఇసుకా చేరతాయి. నీళ్లు నిండిన పారాఫాయిల్‌ను ఒడ్డుకు లాగడానికి ఇద్దరు కావాలి. పైగా అది ట్యూబ్ కైటులా తేలే తెప్పగా పనికిరాదు. నా ఏప్రిల్ సాయంత్రం చేతిలో ఇదే ఉంటే బోర్డును పట్టుకుని వేలాడవలసి వచ్చేది.

మొత్తం మీద అతి తక్కువ గాలిలో కదిలేది ఇదే అయినా, తోడుగా ఒక పడవా ఒడ్డున తెలిసిన మనిషీ లేనివారికి విశాఖలో దీన్ని నేను సలహా ఇవ్వను. ఫాయిల్ మీద రెండు వేసవులు గడిపి, నెలల తరబడి కైటును నీళ్లలో పడేయకుండా ఉండగలిగినవారికి మాత్రం ఇది ఇంకెవరూ దిగలేని రోజులను ఇస్తుంది. మార్చి ఉదయం పదిన్నరకు, సముద్రపు గాలి ఇంకా కళ్లు నులుముకుంటున్న వేళ, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు.

## ఎవరికి ఏది

ఇంకా నేర్చుకుంటున్నవారు. తక్కువ గాలి సురక్షితం కాబట్టి నేర్చుకోవడానికి మంచిదని అనుకుంటారు. నిజానికి కైటు మాటిమాటికీ పడిపోయి ఏమీ రాదు. రామేశ్వరంలో నిలకడైన గాలి, శిక్షణ ఇచ్చే బడులు ఉన్నాయి. పది రోజులు అక్కడ గడిపితే ఇక్కడి మూడు నెలలతో సమానం. తిరిగొచ్చాక పెద్ద ట్విన్ టిప్ బోర్డుతో మొదలుపెట్టండి.

85 కిలోలు దాటినవారు. మీకు 12 కైటు, ఫాయిల్ జోడు 9 నాట్ల దగ్గర గానీ లేవదు. 15 చదరపు మీటర్ల కైటు మీకు అవసరమే. దాన్ని మొదట పెద్ద బోర్డుతోనూ తర్వాత ఫాయిల్‌తోనూ వాడుకోవచ్చు కాబట్టి డబ్బు వృథా పోదు.

సర్ఫింగ్ వచ్చినవారు. బోర్డు ఉంది, అలలు తెలుసు. కైటు ఒక్కటి కొనుక్కోండి. పది నాట్లు రాని రోజున కైటు ఇంట్లో ఉంచి అలల మీదికే వెళ్లండి.

ఆదివారం ఒక్కరోజే వీలున్న ఉద్యోగులు. వారానికి ఒక్క సాయంత్రం దొరికేవారికి గాలి నచ్చినట్టు రాదు, వచ్చినదానితోనే సర్దుకోవాలి. ఫాయిల్ మీద పెట్టిన శ్రమకు అసలైన ఫలితం మీకే. అయితే వారానికి ఒకసారే కాబట్టి నేర్చుకోవడం నెలల తరబడి సాగి విసుగు పుడుతుంది. ఒక వారం సెలవు పెట్టి వరుసగా చేయండి, తర్వాత మర్చిపోరు.

## ఎక్కడ దిగాలి

గాలి నైరుతి నుంచి వచ్చినప్పుడు డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి వంటి కొండల వెనక నీడ పడుతుంది. అక్కడ గాలి ముక్కలుముక్కలుగా వస్తుంది. ఎనిమిది నాట్లలో ఒక్క ముక్క తప్పినా కైటు రాలిపోతుంది. రామకృష్ణ బీచ్‌లో జనం కూడా ఎక్కువ, తాళ్లు 22 మీటర్లు. అక్కడ వద్దు. తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం వైపు రాళ్లు. నాకు నచ్చినవి సాగర్‌నగర్ నుంచి ఉత్తరంగా, ఒడ్డు తెరిపిగా ఉన్న చోట్లు. రుషికొండలో 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన భాగం ఈత కొట్టేవారికి కేటాయించినది. దానికి దూరంగా ఉండాలి. భీమిలిలో గోస్తనీ నది కలిసే చోట నీరు నిలకడగా ఉంటుంది, పెద్ద బోర్డుకు బాగుంటుంది, ఫాయిల్‌కు లోతు చాలదు. ఇది నావికాదళం ఉన్న తీరం కాబట్టి కొత్త చోటికి వెళ్లినప్పుడు ముందుగా మెరైన్ పోలీసులనో లైఫ్‌గార్డులనో అడిగి దిగండి.

నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున చక్కగా వీచే గాలి చాలామందిని ఆకర్షిస్తుంది. అది నేల మీద నుంచి సముద్రంలోకి వీచే గాలి. ఎండ ఎక్కగానే ఆగిపోతుంది, అప్పటికి మీరు లోపల ఉంటారు. ఏ సామాను ఉన్నా ఆ గాలిలో దిగవద్దు.

## కొనే ముందు రెండు మాటలు

పాత ఫాయిల్ కొంటుంటే మాస్ట్‌కూ రెక్కలకూ మధ్య ఉన్న మరలను మీ ఎదురుగా విప్పించండి. అల్యూమినియం మాస్ట్‌లో స్టీలు మర, మన ఉప్పుగాలి. నెల రోజులు విప్పకుండా వదిలేస్తే తెల్లటి పొడి కట్టి రెండూ ఒకటైపోతాయి. నా మొదటి ఫాయిల్‌లో ఒక మర తల అరిగిపోయి, చివరికి గోపాలపట్నంలో లేత్ పనిచేసే ఒకాయన డ్రిల్ వేసి తీశారు. ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, విప్పి, మరలకు గ్రీజు రాయండి.

కైటు అయితే ట్యూబు నింపి రెండు గంటలు వదిలేసి చూడండి. మెత్తబడితే వాల్వు దగ్గర లీకు ఉన్నట్టు. సముద్రంలో తేలే తెప్ప అదే కదా.

మార్చి నుంచి మే దాకా నా కారు డిక్కీలో ఇప్పుడు ఉండేవి ఒకే అడ్డ ట్యూబు ఉన్న 12, దానికి తోడు 9, ఒక ఫాయిల్, గాలి బాగా ఉన్న రోజుకు ఒక సర్ఫ్ బోర్డు. 17ని కిందటేడు అమ్మేశాను. కొన్నాయన 95 కిలోల మనిషి, ఒడ్డుకు దగ్గరగానే తిరుగుతారు. ఆయనకు అది సరిగ్గా సరిపోయింది.